కొండకు అవతల భోజనం

నేను మెండోసా చూడలేదు. చూడకుండానే ఆ ఊరి గురించి ఒక పూటంతా మాట్లాడగలను. అర్జెంటీనా దేశానికి పడమటి కొసన, ఆండీస్ కొండల కింద ఉన్న ద్రాక్షసారాయి ఊరది. వీధి వీధికీ పక్కన రాళ్ళు పరిచిన కాలువ ఉంటుందనీ, కొండమీద కరిగిన మంచునీళ్ళే ఆ కాలువల్లో పారి చెట్లకు అందుతాయనీ, మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్లు మూసేసి ఐదింటికి గానీ తెరవరనీ చెప్పగలను. తోటల మధ్య సైకిలు తొక్కడానికి ఏ రోడ్డు మంచిదో, లోయలో వేడినీటి గుంటల దగ్గర తువ్వాలు వాళ్ళే ఇస్తారో మనమే పట్టుకెళ్ళాలో కూడా తెలుసు. ఇదంతా నేను సింగపూర్‌లో, సెరంగూన్ రోడ్డులో ఒక మసాలా దినుసుల కొట్టు మేడమీద ఫ్యాను కింద కూర్చుని నేర్చుకున్నాను.

ముప్పై ఏళ్ళు ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఈ లైనులోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "అంకుల్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. సాఫీగా జరిగిన టూర్లు చాలానే ఉన్నాయి గానీ వాటిలో ఒక్కటీ నాకు సరిగ్గా గుర్తులేదు. మనసు అలాంటిది మరి. ఒక్క మంగళవారం ఉదయం మాత్రం ఎనిమిదింటి నుంచి పదింటి దాకా నిమిషం నిమిషం గుర్తుంది. అదే చెప్తాను.

అవి కంప్యూటర్ కంపెనీలకు పట్టపగ్గాలు లేని రోజులు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా హడలిపోయి, ఆ గండం గట్టెక్కాక, గట్టెక్కించినవాళ్ళను నెత్తిన పెట్టుకుంది. అలా నెత్తికెక్కిన ఒక కంపెనీ, తన టీముల్లో అన్నిటికంటే బాగా పనిచేసిన పదిమందిని విహారయాత్రకు పంపుతానంది. పదిమందినీ అడిగి ఉంటే ఏ స్విట్జర్లాండో అనేవాళ్ళు. ఎవరూ అడగలేదు. ఆ కంపెనీ పెద్దాయనకు ద్రాక్షసారాయి పిచ్చి. మెండోసా అన్నాడు. ఆ ఏర్పాటు మా ఆఫీసుకొచ్చింది, మా యజమాని దాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

ఇప్పుడు మీరు ఫోను మీద వేలితో నాలుగుసార్లు పొడిస్తే సగం ప్రపంచం వరసకట్టి నిలబడుతుంది. మాకు అప్పుడు ఫోను, ఫ్యాక్సు, ఒక ఎర్ర పెన్సిలు. ప్రమాదం అనిపించిన దేనికైనా నేను ఎర్ర పెన్సిలుతో గీత గీసేవాడిని. టికెట్టులో పేరు తేడాగా ఉంటే గీత, విమానానికీ విమానానికీ మధ్య వ్యవధి తక్కువైతే గీత. ఆఫీసులో నా గీతలకు మంచి పేరుండేది. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఆ పదిమందిలో ఒకే ఒక్క తెలుగమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఊరు అనంతపురం దగ్గర. అప్పుడే కడుతున్న సెంగ్‌కాంగ్‌లో అద్దె ఫ్లాటు. అప్పటికింకా అటు రైలు రాలేదు, రెండు బస్సులు మారి రావాలి. భర్త కంపెనీ పనిమీద ఆరు నెలలుగా టోక్యోలో ఉన్నాడు. పది నెలల పసిపాప. పాపను చూసుకోవడానికి అనంతపురం నుంచి వాళ్ళమ్మ వచ్చింది. ఊరికి టికెట్లు కొనడానికి వచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి నా బల్ల దగ్గరే కూర్చునేది. పసిపిల్లను వదిలి వారం రోజులు వెళ్ళడానికి మొదట ఒప్పుకోలేదు. వాళ్ళమ్మే ఒప్పించింది. "కష్టపడినావు, పిలిచి ఇస్తాండారు, పో" అందట.

మిగతా తొమ్మిదిమంది సింగపూర్, మలేషియా పాస్‌పోర్టులవాళ్ళు. వీసా గొడవ లేదు. ఈ అమ్మాయిది మన దేశపు నీలం పాస్‌పోర్టు. అర్జెంటీనా వీసా కోసం నేనే దగ్గరుండి అర్జీ పెట్టించాను. వీసా వచ్చింది, కానీ ఒక్కసారి లోపలికి పోవడానికి మాత్రమే. బయట కాలు పెడితే అది చెల్లిపోయినట్టే. నకలు తీసి, ఆ మాట కింద ఎర్ర పెన్సిలుతో గట్టిగా గీత గీసి, ఫైల్లో పెట్టాను.

ఇక ప్రోగ్రాము. మొదటిరోజు ద్రాక్షతోటలు, పీపాలు పెట్టే నేలమాళిగలు. రెండోరోజు వేడినీటి గుంటలు. మూడోరోజు కొండదారి, దారిలో ఏటి మీద దానంతటదే ఏర్పడ్డ పసుపురంగు రాతివంతెన, మంచుశిఖరాలు. నాలుగోరోజు మళ్ళీ తోటలోనే, ఏడు రకాల సారాయితో భోజనం. కాగితం మీద అందంగానే ఉంది. కానీ పదిమందిలో నలుగురు తాగరు. అందులో ఈ అమ్మాయి మాంసం కూడా తినదు. "ఒకరికి మాంసం, చేప, గుడ్డు వద్దు" అని నేను ఫ్యాక్సు పంపితే, ఆ మనిషికి ఒంట్లో ఏం జబ్బు, డాక్టరును ఏర్పాటు చేయాలా అని అక్కడివాళ్ళు ఆదుర్దాగా జవాబిచ్చారు.

బయల్దేరడానికి వారం ముందు ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది.

"అంకుల్, నాలుగో రోజు కూడా సారాయేనా? మూడు గంటలు గ్లాసు పట్టుకుని నవ్వుతా కూర్చోవాలి. ఇంకేదన్నా పెట్టండి, ప్లీజ్. కొండలు చూపించండి చాలు."

"నేను చూసుకుంటాలేమ్మా. హాయిగా వెళ్ళిరా" అన్నాను.

చూసుకున్నాను. అక్కడి గైడుకు ఫోను చేస్తే, అదే కొండదారిలో ఇంకొంచెం పైకెళ్ళి, సొరంగం దాటితే అవతల చిలీ దేశమనీ, దాటిన కాసేపటికే నీలంరంగు సరస్సు ఒడ్డున ఒక హోటలుందనీ, అక్కడ భోజనం చేసి సాయంత్రానికి వెనక్కి రావచ్చనీ చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అలాగే కానిమ్మన్నాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. సింగపూర్‌లో ఉండేవాడికి సరిహద్దంటే భయం పోతుంది. శనివారం వస్తే సగం ఊరు వంతెన దాటి మలేషియాలోని జొహోర్ వెళ్ళి, కడుపునిండా తిని, కూరగాయలు కొనుక్కుని, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది. మా దృష్టిలో సరిహద్దంటే ఒక క్యూ. ఎంతసేపు నిలబడాలన్నదే దిగులు. నేనూ వెళ్ళేవాడిని, ఎందుకంటే అప్పటికి ఆరేళ్ళ కిందటే ఎర్ర రంగు సింగపూర్ పాస్‌పోర్టు తీసుకున్నాను. అంతకుముందు పద్నాలుగేళ్ళు నీలం పాస్‌పోర్టు పట్టుకుని ప్రతి కిటికీ ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డవాడినే. ఆరేళ్ళు చాలాయి, అదంతా మరిచిపోవడానికి. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ అమ్మాయి ఒకసారి నాతో, "శనివారాలు మా టీమంతా జొహోర్ పోతారు అంకుల్, నాకు వీసా కావాల కదా, నేను పోను" అని కూడా చెప్పింది. పాపం అన్నాను. అని, టీ తాగాను.

కొత్త ప్రోగ్రాము "కొండకు అవతల భోజనం" అని టైపు చేసి ఫైల్లో పెట్టాను. దాని వెనక కాగితమే ఎర్ర గీత ఉన్న కాగితం. తిప్పి చూడలేదు.

వాళ్ళు వెళ్ళారు. అక్కడికీ ఇక్కడికీ పదకొండు గంటల తేడా. అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ మరుసటి ఉదయం ఏడు. రోజూ ఉదయం ఏడింటికి ఆ అమ్మాయి సెంగ్‌కాంగ్ ఫ్లాటుకు ఫోను చేసేది. పాప "ఊ" అంటే విని పెట్టేసేది. నాలుగోరోజు, ఇక్కడి లెక్కలో మంగళవారం, ఏడింటికి ఫోను రాలేదు.

ఆ సంగతి నాకు తెలియదు. ఎనిమిదింటికి ఆఫీసు తాళం తీసి, లైటు వేసి, సందేశాలు పట్టే టేపు నొక్కాను. మూడు సందేశాలు. మూడూ ఆ గైడువే. మొదటి దాంట్లో గొంతు మామూలుగానే ఉంది. రెండో దాంట్లో తడబడుతున్నాడు. మూడో దాంట్లో, "సెన్యోర్, దయచేసి, మీరు వినగానే పిలవండి. అమ్మాయి ఇక్కడే ఉంది. లోపలా కాదు, బయటా కాదు" అన్నాడు.

సరిహద్దు చౌకీకి ఫోను చేశాను. నాలుగోసారికి గైడు దొరికాడు. జరిగింది ఇది. కొండమీద పెద్ద షెడ్డు. అందులో రెండు దేశాల కిటికీలు పక్కపక్కనే. మొదటి కిటికీలో అర్జెంటీనావాళ్ళు బయటికి పోతున్నట్టు ముద్ర కొడతారు. రెండు అడుగులు వేస్తే చిలీవాళ్ళు లోపలికి వస్తున్నట్టు కొడతారు. తొమ్మిదిమందికీ రెండు ముద్రలూ పడ్డాయి. ఈ అమ్మాయికి మొదటిది పడింది. రెండో కిటికీవాడు నీలం పాస్‌పోర్టు తిరగేసి, మా దేశపు వీసా ఏదని అడిగాడు. లేదు. వెనక్కి మొదటి కిటికీకి వస్తే, నీ వీసా ఒక్కసారికే, ఇప్పుడే చెల్లిపోయింది, లోపలికి రానివ్వడానికి లేదన్నాడు. రెండు కిటికీల మధ్య ఒక బెంచీ ఉందట. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆ అమ్మాయి ఆ బెంచీ మీదే కూర్చునుంది. నేను మాట్లాడేసరికి తొమ్మిది గంటలు దాటింది.

"మిగతావాళ్ళో?" అని అడిగాను.

"బస్సులో ఉన్నారు. ఆమె లేకుండా కదలం అంటున్నారు. కానీ సెన్యోర్, మంచు మొదలైంది. ఇంకో రెండు గంటల్లో దారి మూసేస్తారు. మూస్తే రెండు రోజులో, మూడు రోజులో."

రెండు గంటలంటే మాకు ఉదయం పది. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు మెండోసాలో విమానం ఎక్కాలి. అది తప్పితే ఇటువైపు విమానాలు వారానికి రెండే. శుక్రవారంతో వాళ్ళమ్మ వీసా గడువు అయిపోతుంది, టికెట్టు నేనే ఇచ్చాను. ఆవిడ వెళ్ళిపోవాలి. అప్పుడు ఆ పసిదాన్ని ఎవరు ఎత్తుకుంటారు? అసలు ఆ అమ్మాయిని ఆ బెంచీ మీంచి ఎవరు లేపుతారు?

ఫోను పెట్టానో లేదో, తలుపు తెరుచుకుంది. చంకలో పాప, భుజాన సంచీ, వాళ్ళమ్మ. ఇంగ్లీషు ముక్క రాదు. ఆదివారాలు కూతురు వెంట కొట్లకూ గుడికీ వచ్చిన గుర్తుతో, రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది.

"ఏం నాయనా, నా బిడ్డ ఫోను రాల్యా. రోజూ ఏడుకంతా చేస్తాండ్య. ఏమన్నా అయిందా?"

నేను మీకు చెప్పాలనుకున్న తప్పు ఎర్ర గీతది ఒక్కటే కాదు. ఇది రెండోది. నవ్వు తెచ్చిపెట్టుకుని, "ఏం లేదక్కా. అక్కడ మంచు పడుతోంది. టెలిఫోన్ లైన్లు తెగిపోయాయట. అందరూ హోటల్లో హాయిగా ఉన్నారు" అన్నాను.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. పాపను ఒళ్ళోకి మార్చుకుంది. కాసేపు నా ముఖం చూసింది.

"లైన్లు తెగిపోతే నీకెట్ల తెలిసింది?"

"వేరే... వేరే ఊరి నుంచి చెప్పారు."

"అట్లనా" అంది. కానీ లేవలేదు.

ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే నేను ఫోన్లు చేశాను. ఇక్కడి అర్జెంటీనా ఎంబసీకి చేస్తే తొమ్మిదిన్నరకు గానీ తెరవమని టేపు పలికింది. కంపెనీవాళ్ళకు చేస్తే, మిగతా తొమ్మిదిమంది విమానం తప్పకూడదు, బస్సును ముందు కిందికి పంపించెయ్యండన్నారు. నేను ఇంగ్లీషులో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు గానీ గొంతు తగ్గించడం అర్థం కాదా? ఒక్కొక్క ఫోనుకూ పాపను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటోంది. నాకు ఆవిడ కళ్ళలోకి చూడ్డానికి ముఖం చెల్లలేదు.

మళ్ళీ గైడు దొరికాడు. అర్జెంటీనా కిటికీలో డ్యూటీ పెద్దాఫీసరు మంచివాడట. ఒక దారి చెప్పాడట. ఆ అమ్మాయి కావాలని దేశం దాటలేదు, తీసుకెళ్ళిన ట్రావెల్స్‌వాళ్ళే పొరపాటున దాటించారు అని రాతపూర్వకంగా ఉంటే, కొట్టిన ముద్రను కొట్టేసే అధికారం తనకుందట. "కానీ సెన్యోర్, తప్పు ఎవరిదో స్పష్టంగా ఉండాలి. సంతకం, ఆఫీసు ముద్ర. వీసా నకలు కూడా. పదిలోపల."

ఫైలు తీశాను. కొత్త ప్రోగ్రాము కాగితం తిప్పాను. దాని వెనక, ఆ అమ్మాయి ఫోటో ఉన్న కాగితం, దాని కింద వీసా, ఆ వీసాలో ఒక్క మాట కింద నా ఎర్ర గీత. గట్టిగా గీసిన గీత. పెన్సిలు మొన విరిగి పొడి కూడా అంటుకుని ఉంది. అప్పటిదాకా ఎక్కడో ఒక మూల, వీసా ఇచ్చినవాళ్ళు నాకు చెప్పలేదేమో అన్న ఆశ ఉండింది. అది కూడా పోయింది. నాకు తెలుసు. నేనే గీశాను.

ఆవిడ బల్ల మీదికి వంగింది. కూతురి ఫోటో గుర్తుపట్టింది.

"ఇది నా బిడ్డ గదా. ఈ ఎర్రగీత ఏంది?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. పాప ఆ కాగితం మీద చెయ్యి వేసి లాగబోతోంది. ఆ చిన్న చెయ్యిని పక్కకు తీస్తూ, ఎందుకో, చెప్పేశాను. మంచు నిజమే, లైన్లు తెగడం అబద్ధం అన్నాను. మీ అమ్మాయి రెండు దేశాల మధ్య బెంచీ మీద ఉంది, ఎటూ పోనివ్వడం లేదు, అది నా తప్పు, ఈ గీత గీసింది నేనే, గీసి మరిచిపోయింది నేనే అన్నాను.

ఆవిడ తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఒగతే ఉందా?"

"లేదు. టీమువాళ్ళు వంతులేసుకుని పక్కన కూర్చుంటున్నారట. ఎవరూ కదలలేదట."

"ఇప్పుడేం చేయాల?"

"తప్పు నాదని కాగితం రాసి పంపాలి."

"మరి రాయి. నన్నెందుకు సూస్తావు?"

టైపు మిషను ముందు కూర్చున్నాను. సగం కొట్టేసరికి మా యజమాని వచ్చాడు. తమిళాయన, మూడు తరాలుగా ఇక్కడివాళ్ళు, మాట చివర సింగపూర్‌వాళ్ళ 'లా' తగిలిస్తాడు. మంచివాడే. నా భుజం మీంచి చదివాడు.

"ఎన్నప్పా ఇది? మా తప్పు అని మన ఆఫీసు కాగితం మీదా? రేపు ఆ కంపెనీ దీన్ని తీసుకొచ్చి నా ముఖాన కొడితే లైసెన్సు పోతుంది లా. ప్రయాణికురాలు తన వీసా వివరం చెప్పలేదని రాయి. అంతే. వాళ్ళూ ఒప్పుకుంటారు, మనమూ బతుకుతాం."

నిజం చెప్పాలి కదా, ఆ మాట నాకు నచ్చింది. ఒక్క వాక్యం మారిస్తే చాలు. ఉద్యోగం ఉంటుంది, నా గీతలకున్న పేరు ఉంటుంది. వేళ్ళు మిషను మీద ఆగిపోయాయి. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. నేను నీతికి కట్టుబడి కాదన్నానని మీకు చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. అలా రాస్తే ఆ ఆఫీసరు ముద్ర కొట్టేయలేడు. తెలిసే దాటిందని అర్థమవుతుంది. అదొక్కటే ముందు తట్టింది. ఆ తర్వాత తల ఎత్తితే, ఎదురుగా ఆవిడ. మా తమిళం ఆవిడకు అర్థమైందో లేదో, పాప వీపు తడుతూ నా వేళ్ళకేసే చూస్తోంది.

"సార్, అలా రాస్తే ఆ అమ్మాయి రాదు" అన్నాను. "ఆఫీసు తప్పని రాయను. నా తప్పని రాస్తాను. నా పేరు, నా సంతకం. ముద్ర మాత్రం మీరు కొట్టాలి."

ఆయన పాపను చూశాడు. ఆవిడను చూశాడు. అప్పుడు గానీ ఆవిడెవరో ఆయనకు అర్థం కాలేదు. సొరుగు తీసి ముద్ర బల్ల మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. కొట్టింది నేనే.

ఫ్యాక్సు వెళ్ళలేదు. నంబరు తిప్పితే బిజీ. మళ్ళీ బిజీ. మూడోసారి మోగింది, కీచుమంది, కాగితం సగందాకా లాక్కుని ఆగిపోయింది. తొమ్మిదీ ముప్పై ఐదు. ఆ కొండమీద ఒకటే ఫ్యాక్సు ఉంటుంది కాబోలు, మంచు పడుతోందంటే లారీవాళ్ళందరి కాగితాలూ దాన్లోనే వస్తున్నాయి కాబోలు. కాగితం వెనక్కి లాగి, చేత్తో సాపుచేసి, మళ్ళీ పెట్టాను. ఆవిడ లేచి వచ్చి నా పక్కన నిలబడింది. పాప ఆ మిషను పచ్చలైటు చూసి కిలకిలమంది. తొమ్మిదీ నలభై రెండుకు కాగితం మొత్తం లోపలికి పోయి ఇవతలికి వచ్చింది. చేరిందని చీటీ కూడా వచ్చింది. రెండో కాగితం, ఎర్ర గీత ఉన్నది, దాని వెంటే వెళ్ళింది.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత పొడవైన పావుగంట ఇంకొకటి లేదు. కింద కొట్టువాడు షట్టరు ఎత్తాడు. ధనియాలు వేయించే వాసన మెట్లెక్కి వచ్చింది. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. తొమ్మిదీ యాభై ఏడుకు ఫోను మోగింది.

గైడు ఏదో అరుస్తున్నాడు. వెనక బస్సు ఇంజను చప్పుడు. "కొట్టేశాడు సెన్యోర్! ముద్ర మీద ముద్ర! కదులుతున్నాం! మాట్లాడండి!"

ఫోను ఆవిడకు ఇచ్చేశాను.

"అమ్మా... తిన్నావా?" అంది ఆవిడ. అవతలి మాట నాకు వినపడలేదు. "పాప ఇంగో, ఈడే ఉండాది. ఊ అను, ఊ అను అమ్మకు." పాప అనలేదు. ఫోను వైరు నోట్లో పెట్టుకుంది. ఆవిడ నవ్వింది, అప్పుడు కళ్ళనీళ్ళు వచ్చాయి. లైను తెగింది. ఈసారి నిజంగానే తెగింది.

నేను మెట్ల దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"తప్పు ఎవురన్నా చేస్తారు నాయనా. దానికి నేనేమీ అనను. కానీ నన్ను కూసోబెట్టి గంటసేపు అబద్ధం చెప్పినావే, అది మాత్రం బాగలేదు. ఆ గంట నేను నా బిడ్డ కోసం బయపడుండల్ల. దేవునికి దండం పెట్టుకోనుండల్ల. ఆ బయం నాది. నువ్వెవురు, దాన్ని దాసిపెట్టేదానికి?"

ఇన్నేళ్ళలో పై అధికారులు నన్ను చాలా మాటలన్నారు. ఒక్కటీ గుర్తులేదు. ఇది మాత్రం ఆ మెట్ల దగ్గర ఎలా విన్నానో అలాగే ఉంది. ఆందోళనలో ఉన్న మనిషికి ధైర్యం చెప్తున్నామనుకుని మనం చేసేది, చాలాసార్లు మన ముఖం మనం కాపాడుకోవడమే. ఈ లైనులో ఉన్న మీకు ఇది రోజూ ఎదురవుతుంది. విమానం ఆలస్యమైందని చెప్పే ముందు గొంతు సవరించుకుంటారు చూడండి, అక్కడ జాగ్రత్త.

గురువారం ఉదయం పదిమందీ వచ్చారు. శుక్రవారం వాళ్ళమ్మ వెళ్ళింది. ఆ అమ్మాయి ఆదివారం పాపను ఎత్తుకుని మా ఆఫీసుకొచ్చింది. నేను తల ఎత్తలేకపోయాను. పాస్‌పోర్టు తెరిచి చూపించింది. ఒక ముద్ర, దానిమీద అడ్డంగా ఇంకో పెద్ద ముద్ర, కింద ఆ ఆఫీసరు పొడి అక్షరాల సంతకం.

"చాలా భయమేసింది అంకుల్," అంది. "చీకటి పడినాక ఏడ్చినా కూడా. మా టీము లీడు, చైనీస్ ఆవిడ, 'నువ్వు లేకపోతే నేనూ పోను లా' అని నా పక్కనే కూర్చుండిపోయింది. ఒక ఆఫీసరు ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె ఇచ్చినాడు." అని నవ్వింది. "అయినా చెప్పాలంటే, కొండలు చూపించమని అడిగింది నేనే కదా. వేరే టూరిస్టులు బస్సులోంచి రెండు నిమిషాలు చూసి పోయే కొండను నేను కిటికీలోంచి చీకటి పడేదాకా చూసినా. నాకే ఎక్కువ గిట్టింది."

ఆ కంపెనీ మళ్ళీ మా గడప తొక్కలేదు. లైసెన్సు పోలేదు. నన్ను మాత్రం యజమాని టూర్ల బల్ల నుంచి లేపి, గుమ్మం పక్క కౌంటర్లో ఊరి టికెట్లు కోసే పనిలో కూర్చోబెట్టాడు. రెండేళ్ళు అక్కడే ఉన్నాను. ఓడల యార్డుల్లో పనిచేసే మన కుర్రాళ్ళు ఆదివారాలు వరసకట్టి వచ్చేవాళ్ళు, అందరివీ నీలం పాస్‌పోర్టులే. ప్రతి ఒక్కటీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పేవాడిని. క్యూలో వెనకవాళ్ళు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ అనుకునేవాడిని.

మరుసటి ఏడాది ఒకరోజు కౌంటరు మీద నీడ పడితే తలెత్తాను. ఆవిడే. కూతురి దగ్గరికి మళ్ళీ వచ్చింది. పక్కన నడక నేర్చిన మనవరాలు చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. తిరుగు టికెట్టు తేదీ మార్చుకోవాలట. కూతురు తన ఆఫీసులో కంప్యూటరు మీదే చేసేస్తానందట. వద్దంది, రెండు బస్సులు మారి నా దగ్గరికే వచ్చింది.

తన పాస్‌పోర్టు తెరిచి, వీసా పేజీ నా ముందు పెట్టింది. కౌంటరు మీద ఉన్న ఎర్ర పెన్సిలు తీసి, మొన నా వైపు తిప్పి, చేతికిచ్చింది.

"గీత గియ్యి నాయనా," అంది. "గీసినాక ఈసారి సదువు."